శాతవాహనుల కాలం మనుషులు: మన ఊళ్లకు దగ్గర్లో ఎక్కడ చూడాలి, ఇంటి నుంచి ఎలా చదవాలి

తెలుగు రాష్ట్రాల బయట తరతరాలుగా స్థిరపడిన మన ఇళ్లలో పిల్లలు బడిలో చదివే చరిత్ర ఆయా రాష్ట్రాలది. చెన్నైలో చోళులు, పాండ్యులు, బెంగళూరులో కదంబులు, హొయసళులు, సోలాపూర్‌లో శివాజీ మహారాజ్, బరంపురంలో ఖారవేలుడు. అది మంచిదే. ఉంటున్న నేల చరిత్ర తెలియాలి. కానీ "మరి తెలుగువాళ్ల పాత చరిత్ర ఏమిటి తాతయ్యా?" అని మనవడు అడిగితే మనలో చాలామంది దగ్గర ఉన్న జవాబు ఒక్కటే: "శాతవాహనులు మనవాళ్లే." ఆ తర్వాత మాట సాగదు.

ఆ తర్వాతి మాట కోసమే ఈ వ్యాసం. శాతవాహనుల కాలపు వస్తువులు, శాసనాలు తెలుగు రాష్ట్రాల్లోనే కాదు, మనం ఉంటున్న ప్రాంతాల్లోనూ ఉన్నాయి. చెన్నై, కలబురగి, నాసిక్, భువనేశ్వర్, పుదుచ్చేరిలలో ప్రతిచోటా ఆ కాలానికి చెందినదో, దానితో సంబంధం ఉన్నదో ఏదో ఒకటి చూడవచ్చు. చాలా భాగం ఫోనులోనూ చదవవచ్చు. ఎక్కడ ఏముంది, దాన్ని ఎలా చూడాలి, దాని గురించి ఏం చెప్పవచ్చు, ఏం చెప్పకూడదు అన్నవి వరుసగా ఇస్తున్నాను.

ముందుగా తెలుసుకోవలసిన నాలుగు విషయాలు

కాలం: శాతవాహనుల పాలన ఎక్కువగా క్రీ.పూ. 1వ శతాబ్దం నుంచి క్రీ.శ. 3వ శతాబ్దం మొదటి భాగం వరకు సాగింది. ఇంకా ముందే మొదలైందని లెక్క కట్టే పండితులూ ఉన్నారు.

ప్రాంతం: పడమట నేటి మహారాష్ట్రలోని పైఠాన్, అంటే ఆనాటి ప్రతిష్ఠానం. తూర్పున కృష్ణ ఒడ్డున ధాన్యకటకం, అంటే నేటి ధరణికోట, అమరావతి. ఈ రెంటి మధ్య దక్కను అంతా వారి రాకపోకల్లో ఉండేది.

రాజులు: సిముకుడు, శాతకర్ణి, గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి. గౌతమీపుత్రుడు, వాసిష్ఠీపుత్రుడు అన్నవి తల్లి పేరుతో వచ్చినవని గమనించండి.

భాష: వారి శాసనాలు ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో ఉన్నాయి. తెలుగులో లేవు. పురాణాలు వారిని ఆంధ్రులని చెప్పాయి. వారి సొంత శాసనాల్లో మాత్రం శాతవాహన కులం అనే ఉంది. ఇది పిల్లలకు మొదటే చెప్పాలి. మనకు తెలిసిన తొలి పూర్తి తెలుగు శాసనం కడప జిల్లా కలమళ్లలో దొరికిన రేనాటి చోళుల శాసనం. అది 6వ శతాబ్దం చివరి భాగానిది. అమరావతి రాతి ముక్క మీది "నాగబు" అన్న మాటను తెలుగు మాటగా వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించారు. శాతవాహనుల కొన్ని వెండి నాణేలకు ఒక వైపు ప్రాకృతం, రెండో వైపు ఒక ద్రావిడ భాష ఉన్నాయి. ఆ రెండోది తమిళమని కొందరు, తెలుగుకు దగ్గరి దేశి భాష అని కొందరు వాదించారు. కాబట్టి జనం ఇళ్లలో ఏ భాష మాట్లాడారో శాసనాల నుంచి నేరుగా తెలియదు. ఒక పాలన కింద చాలా భాషల జనం ఉన్నారని మాత్రం అర్థమవుతుంది.

తమిళనాడు: ఎగ్మోర్‌లోని అమరావతి

చెన్నై ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియం 1851లో మొదలైంది. అమరావతి స్తూపం శిల్పాల్లో పెద్ద భాగం ఇక్కడే ఉంది. 1790ల చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్టణం కట్టిస్తున్నప్పుడు పాత దిబ్బ నుంచి రాళ్లు తీశారు. అప్పుడే కల్నల్ మెకంజీ అక్కడికి వెళ్లి చూశారు. తర్వాత 1816 ప్రాంతంలో మళ్లీ వెళ్లి బొమ్మలు గీయించారు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరాయి. వాటిలో చాలా వాటిని 1859లో లండన్‌కు పంపారు. తర్వాత తవ్వకాల్లో దొరికినవి మద్రాసులో ఉండిపోయాయి. ఇంగ్లీషువాళ్లు వీటిని "ఎలియట్ మార్బుల్స్" అన్నారు గానీ ఇది పాలరాయి కాదు, పలనాటి సున్నపురాయి.

ఇక్కడ తప్పక చూడవలసింది నలగిరి ఏనుగు పలక. గుండ్రటి చట్రంలో ఒక వీధి కనిపిస్తుంది. ఒక పక్క మదమెక్కిన ఏనుగు మనుషులను తొక్కుతుంటే, మరో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. కిటికీల నుంచి తొంగిచూసేవాళ్లు, భయంతో ఒకరినొకరు పట్టుకున్నవాళ్లు ఉన్నారు. రెండు వేల ఏళ్ల కిందటి వీధి, మేడలు, నగలు, తలపాగాలు ఒకే రాయిలో చూడవచ్చు.

స్తూపానికి రాళ్లు ఇచ్చినవాళ్లు తమ పేర్లు చెక్కించుకున్నారు. వాళ్లలో రాజుల కన్నా గృహస్థులు, వ్యాపారులు, భిక్షుణులే ఎక్కువగా కనిపిస్తారు. విధికుడు అనే చర్మకారుడు పూర్ణఘటం చెక్కిన పలకను దానం చేశాడు. శాసనంలో తన తండ్రి నాగుడు ఉపాధ్యాయుడని చెప్పుకున్నాడు. తల్లిని, భార్యను, అన్నదమ్ములను, కొడుకును, కూతుళ్లను కలిపి దానం రాయించాడు. కొడుకు పేరూ నాగుడే. అంటే తాత పేరు మనవడికి పెట్టారు. మన ఇళ్లలో ఇప్పటికీ చేసే పనే.

భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే బయటికి తీసిన ధాతు కరండాలు శాతవాహనుల కన్నా ముందువి. వాటి మీది అక్షరాలు బ్రాహ్మీలో ఒక ప్రత్యేకమైన తీరు. దక్షిణాదిలో రాత ఎలా మొదలైందో తెలుసుకోవాలనుకునే పిల్లలు భట్టిప్రోలు పేరు గుర్తుపెట్టుకోవాలి.

కర్ణాటక: సన్నతి, చిత్రదుర్గ, బళ్లారి

కలబురగి జిల్లాలో భీమా నది ఒడ్డున సన్నతి ఉంది. 1986లో అక్కడి చంద్రలాంబ ఆలయ ప్రాంగణంలోని కాళీ గుడి కప్పు కూలింది. శుభ్రం చేస్తుంటే అమ్మవారి పీఠంగా వాడిన రాయి అశోకుడి శాసనమని తేలింది. ఆ పక్కనే కనగనహళ్లిలో 1990లలో జరిగిన తవ్వకాల్లో ఒక మహాస్తూపం బయటపడింది. "రాజు అశోకుడు" అని పేరు చెక్కిన పలక ఇక్కడిదే. శాతవాహన రాజుల బొమ్మలు, వాటి కింద పేర్లు ఉన్న పలకలు కూడా ఇక్కడ దొరికాయి. శాతవాహనులు చూడడానికి ఎలా ఉండేవారని పిల్లలు అడిగితే చూపించదగ్గ చోటు ఇది.

చిత్రదుర్గ పక్కన చంద్రవల్లి ఉంది. ఇక్కడా, అదే జిల్లాలోని బ్రహ్మగిరిలోనూ 1947లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపారు. చంద్రవల్లిలో శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. బెంగళూరు కస్తూర్బా రోడ్డులోని ప్రభుత్వ మ్యూజియంలో చంద్రవల్లి వస్తువులు ఉన్నాయి.

బళ్లారి వైపు కుటుంబాలు మ్యాకదోని శాసనం గురించి తెలుసుకోవాలి. పులుమావి 8వ పాలనా సంవత్సరంలో వేపురక అనే ఊళ్లో సాంబుడు అనే గృహస్థు చెరువు తవ్వించాడని ఆ శాసనం చెబుతుంది. ఆ ప్రాంతం పేరు శాతవాహనిహారం. శాసనం ఉన్న చోటు బ్రిటిష్ కాలంలో బళ్లారి జిల్లా ఆదోని తాలూకాలో ఉండేది. 1953లో ఆదోని ఆంధ్రలో కలిసింది. రాయి కదలలేదు, గీత మాత్రమే మారింది. అందులో గుర్తుండేది రాజు జయం కాదు, ఎండ ప్రాంతంలో ఒక మనిషి తవ్వించిన చెరువు.

మహారాష్ట్ర: నాణేఘాట్, నాసిక్, తేర్

పుణె జిల్లా జున్నర్ దగ్గరి కనుమ నాణేఘాట్. అక్కడి గుహ గోడల మీద రాణి నాగనికకు చెందిన పెద్ద శాసనం ఉంది. చేసిన యజ్ఞాలు, ఇచ్చిన దానాలు అంకెలతో సహా చెక్కారు. దేశంలో అంకెల చరిత్రకు ఇది ముఖ్యమైన ఆధారం. రాజకుటుంబం విగ్రహాలు పోయాయి, పేర్లు మిగిలాయి.

నాసిక్ ఊరి బయట పాండవలేణి గుహలు ఉన్నాయి. 3వ గుహలో గౌతమీపుత్రుడి తల్లి గౌతమీ బలశ్రీ మనవడి కాలంలో చెక్కించిన శాసనం ఉంది. 10వ గుహలోని శాసనం శాతవాహనులది కాదు, వారితో పోరాడిన క్షహరాత నహపానుడి అల్లుడు ఉషవదాతుడిది. సోలాపూర్, భివండిలోని మన చేనేత కుటుంబాలు దీన్ని ప్రత్యేకంగా చదవాలి. ఉషవదాతుడు గోవర్ధనం అనే ఊరి నేతవారి సంఘాల దగ్గర డబ్బు డిపాజిట్ చేశాడు. ఒక సంఘంలో 2000 కార్షాపణాలు, నెలకు నూటికి ఒకటి వడ్డీ. మరో సంఘంలో 1000, నెలకు నూటికి ముప్పావు. అసలు తిరిగి తీసుకోకూడదు, వడ్డీ మాత్రమే వాడుకోవాలి. 2000 మీద వచ్చే వడ్డీతో ఆ గుహలో వర్షాకాలం ఉండే 20 మంది భిక్షువులకు తలా 12 కార్షాపణాలు బట్టల ఖర్చుకు ఇవ్వాలి.

లెక్క వేసి చూడండి. నెలకు 20, ఏడాదికి 240. ఇరవై మందికి తలా పన్నెండు కూడా 240. పైసా తేడా లేదు. ఇదంతా నగర సభలో వినిపించి రికార్డు చేయించినట్టు కూడా ఉంది. జీవితమంతా లెడ్జర్లు రాసిన నాబోటివాడికి ఇంతకన్నా నచ్చే శాసనం లేదు. నేతవారి సంఘం బ్యాంకులా నమ్మకంగా డబ్బు పుచ్చుకున్న రోజులవి. అయితే ఆ నేతవారు మన పూర్వీకులని చెప్పడానికి ఆధారం లేదు. అదే వృత్తిలో ఉన్నవారికి ఎంత గౌరవం ఉండేదో చెప్పడానికి మాత్రం రాతి ఆధారం ఉంది.

సోలాపూర్ నుంచి ధారాశివ్ మీదుగా వెళితే తేర్ వస్తుంది. గ్రీకు, రోమన్ రచనల్లో తగర అని పేరున్న వ్యాపార కేంద్రం ఇదే. అక్కడి రామలింగప్ప లామతురే మ్యూజియంలో దంతపు స్త్రీమూర్తి ఉంది. ఇటలీలో అగ్నిపర్వతం బూడిద కింద క్రీ.శ. 79లో పూడిపోయిన పాంపే నగరంలో ఇలాంటి భారతీయ దంతపు బొమ్మే 1938లో దొరికింది. కొల్హాపూర్ టౌన్ హాల్ మ్యూజియంలోని కంచు పొసైడాన్ బొమ్మ ఎదురు దారిలో వచ్చింది. రోమన్ ప్రపంచంలో తయారైన ఆ సముద్ర దేవుడు కొల్హాపూర్ బ్రహ్మపురి దిబ్బలో దొరికాడు.

ఒడిశా: ఉదయగిరి, జౌగడ, పక్కనే శాలిహుండం

భువనేశ్వర్ దగ్గరి ఉదయగిరిలో హాథీగుంఫా శాసనం ఉంది. కళింగ రాజు ఖారవేలుడు తన రెండో ఏట శాతకర్ణిని లెక్కచేయకుండా పడమటికి సేనను పంపానని అందులో చెప్పించాడు. బడిలో ఖారవేలుణ్ణి చదివే మన పిల్లలకు ఆ శాతకర్ణి ఎవరో ఇంట్లో చెప్పవచ్చు. ఒకే కథను రెండు వైపుల నుంచీ తెలుసుకునే అవకాశం మనలాంటి కుటుంబాలకే ఎక్కువ.

బరంపురానికి దగ్గర్లో ఋషికుల్య ఒడ్డున జౌగడలో అశోకుడి శిలాశాసనం ఉంది. ఇది క్రీ.పూ. 3వ శతాబ్దానిది, శాతవాహనుల కన్నా పాతది.

పర్లాకిమిడి, గుణుపురం వైపు ఉన్నవాళ్లకు శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండం దగ్గర. ఆ కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో గుర్తించినది గిడుగు వెంకట రామమూర్తి. వ్యావహారిక భాష కోసం పోరాడిన ఆయన పర్లాకిమిడిలో చాలా ఏళ్లు పనిచేశారు, సవర భాషకు సేవ చేశారు. అక్కడ చిన్న మ్యూజియం కూడా ఉంది.

యానాం

యానాం వాళ్లు యెదుర్లంక వంతెన దాటితే కోనసీమ. అక్కడ ఆదుర్రులో బౌద్ధ స్తూపం శిథిలాలు ఉన్నాయి. కాకినాడ వైపు పిఠాపురం దగ్గర కొడవలిలో చివరి శాతవాహన రాజుల్లో ఒకడైన చంద శాతి కాలపు రాతి శాసనం ఉంది. పనుల మీద పుదుచ్చేరి వెళ్లినప్పుడు అక్కడి మ్యూజియంలో అరికమేడు వస్తువులు చూడండి. 1945లో వీలర్, ఆ తర్వాత కసాల్ తవ్విన రేవు పట్టణం అది. రోమన్ ప్రపంచం నుంచి వచ్చిన కుండ పెంకులు అక్కడ దొరికాయి. అది శాతవాహనుల ఊరు కాదు గానీ అదే కాలం, అదే సముద్ర వ్యాపారం.

సొంత ఊరు వెళ్లినప్పుడు

పెళ్లిళ్లకు, సంక్రాంతికి వెళ్లినప్పుడు ఒక పూట కేటాయించగలిగితే అమరావతి మ్యూజియం, సంగారెడ్డి జిల్లా కొండాపూర్ మ్యూజియం, నాగార్జునకొండ ద్వీప మ్యూజియం చూడవచ్చు. కొండాపూర్‌లో శాతవాహన నాణేలు వేల సంఖ్యలో దొరికాయి. నాగార్జునకొండ ముఖ్యంగా శాతవాహనుల తర్వాత వచ్చిన ఇక్ష్వాకులది. సాగర్ ఆనకట్ట నీటిలో మునిగే ముందు 1954 నుంచి 1960 వరకు తవ్వి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చారు.

ఇంటి నుంచి చదవడానికి

బ్రిటిష్ మ్యూజియం వారి ఆన్‌లైన్ కలెక్షన్: లండన్ చేరిన అమరావతి పలకల ఫొటోలు, కొలతలు, వివరాలు ఉచితంగా ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో అమరావతి అని వెతకండి. 1880,0709 తో మొదలయ్యే నంబర్లు ఎక్కువగా ఇవే.

మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా: కేంద్ర సాంస్కృతిక శాఖ పోర్టల్. జాతీయ మ్యూజియాల వస్తువుల ఫొటోలు, వివరాలు ఉన్నాయి. నాగార్జునకొండ మ్యూజియం కూడా ఇందులో ఉంది.

ఇండియన్ కల్చర్ పోర్టల్: 2019లో మొదలైంది. పాత పుస్తకాలు, పురావస్తు శాఖ నివేదికలు చదవవచ్చు.

ఎర్లీ ఇన్‌స్క్రిప్షన్స్ ఆఫ్ ఆంధ్రదేశ: అమరావతి, నాగార్జునకొండ, భట్టిప్రోలు వంటి చోట్ల శాసనాలను పండితులు ఒక్కచోట చేర్చిన సైటు. చాలా వాటికి ఇంగ్లీషు అనువాదం ఉంది. దాతల పేర్లు వెతకాలంటే ఇదే మంచిది.

ఇంటర్నెట్ ఆర్కైవ్: జేమ్స్ బర్జెస్ 1887లో ప్రచురించిన అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల పుస్తకం, ఎపిగ్రాఫియా ఇండికా పాత సంపుటాలు ఇక్కడ దొరుకుతాయి.

ఒక సూచన. పేర్ల స్పెల్లింగు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. పులుమావి అని దొరక్కపోతే పుడుమావి, పులోమా అని కూడా వెతకండి.

మ్యూజియంలో ఎలా చూడాలి

ఒక్క పూటలో అన్ని గదులూ చుట్టేస్తే పిల్లలకు కాళ్ల నొప్పులే మిగులుతాయి. మూడు వస్తువులు ఎంచుకోండి. ప్రతిదాని దగ్గరా లేబుల్ చూసి నాలుగు సంగతులు నోట్‌బుక్కులో రాయించండి: ఎక్కడ దొరికింది, ఏ కాలం, దేనితో చేశారు, మ్యూజియం నంబరు ఎంత. తర్వాత ఆ శిల్పంలో ఒక మామూలు మనిషిని వెతకమనండి. చామరం పట్టుకున్న ఆమె కావచ్చు, గుర్రం పక్కన నిలబడ్డవాడు కావచ్చు. ఆ బొమ్మ గీయించండి. ఇంటికి వచ్చాక నంబరుతో ఆన్‌లైన్‌లో వెతికితే చూసింది గట్టిపడుతుంది.

ఎగ్మోర్ మ్యూజియానికి, కేంద్ర పురావస్తు శాఖ స్థల మ్యూజియాలకు శుక్రవారం సెలవు. చాలా ఇతర మ్యూజియాలకు సోమవారం. మరమ్మతులకు గదులు మూసి ఉండవచ్చు కాబట్టి బయలుదేరే ముందు ఫోను చేసి కనుక్కోండి.

వాట్సాప్ మాటకు, మ్యూజియం మాటకు తేడా

మన గ్రూపుల్లో "రెండు వేల ఏళ్ల తెలుగు శాసనం", "ప్రపంచమంతా ఏలిన తెలుగు రాజు" లాంటివి తిరుగుతుంటాయి. ముందుకు పంపే ముందు మూడు ప్రశ్నలు వేయండి. ఆ వస్తువు ఎక్కడ దొరికింది? ఇప్పుడు ఎక్కడ ఉంది? దాన్ని చదివి ఎవరు ప్రచురించారు? మూడింటికీ జవాబు లేకపోతే పంపకండి.

ఇది చిన్న విషయం కాదు. "మీరు నిన్న వచ్చినవాళ్లు" అనే మాట మనలో చాలామంది ఏదో ఒకరోజు విన్నదే. అప్పుడు "రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడ మా రాజులు ఏలారు" అని జవాబివ్వాలనిపిస్తుంది. ఆ వాదన నిలబడదు. శాతవాహనులను మరాఠీవాళ్లూ తమవాళ్లంటారు, కన్నడిగులకూ కనగనహళ్లి ఉంది. పాత రాజులు ఎవరి ఇంటికీ పట్టా రాసివ్వలేదు. మనం ఉంటున్న ఊళ్లో మనకున్న హక్కు రాజ్యాంగం ఇచ్చింది, మన తాతల కష్టం ఇచ్చింది. దానికి శాతకర్ణి సాక్ష్యం అక్కర్లేదు.

ఆ రాళ్లు చెప్పేది వేరు. గీతలు గీయకముందు ఈ దక్కనులో జనం అటూ ఇటూ తిరిగారు, చెరువులు తవ్వారు, వడ్డీ లెక్కలు రాశారు, తల్లి పేరు చెప్పుకున్నారు, తాత పేరు మనవడికి పెట్టుకున్నారు. ఇది మరాఠీ స్నేహితుడితోనూ తమిళ స్నేహితుడితోనూ కలిసి చూడగలిగిన చరిత్ర.

సంఘాలకు ఒక సూచన

ఉగాది కార్యక్రమాల ఖర్చులో కొంత తీసి ఏడాదికి ఒక మ్యూజియం యాత్ర పెట్టుకోవచ్చు. ముప్పై మంది పిల్లలకు ఒక బస్సు, మధ్యాహ్నం పులిహోర పొట్లాలు, ఒక నోట్‌బుక్కు చాలు. వెళ్లే ముందే మ్యూజియానికి ఉత్తరం రాస్తే వివరించే మనిషిని ఇచ్చే వీలుంటుంది. తిరిగి వచ్చాక ప్రతి పిల్లవాడూ, ప్రతి పిల్లా తాము చూసిన ఒక వస్తువు గురించి ఐదు వాక్యాలు తెలుగులో రాయాలి. తెలుగు రాయడం రానివారు చెబితే పెద్దవాళ్లు రాసిపెట్టాలి. చరిత్రతో పాటు అక్షరాలూ వస్తాయి. ఆ పేజీలను సంఘం ఫైలులో భద్రపరిస్తే వచ్చే ఏడాది వెళ్లేవారికి అదే దారి చూపుతుంది.